మూడూ ఇరవైకి వచ్చే మనిషి

సత్యవేణి కట్టిన వెబ్‌సైటులోకి రోజూ మధ్యాహ్నం మూడూ ఇరవైకి ఎవరో వస్తున్నారు. వచ్చి ఏడు చోట్ల ఆగుతూ గుండ్రంగా తిరుగుతున్నారు. ఒక్క అక్షరం రాయరు. ఎవరి పేరూ వెతకరు. సరిగ్గా అయిదింటికి, తిరుగుతూ తిరుగుతూనే మాయమైపోతారు.

మామూలు వెబ్‌సైటు అయితే ఆమె పట్టించుకునేది కాదు. అది తుఫానులో తప్పిపోయినవాళ్ళ ఆచూకీ కోసం కట్టిన సైటు.

తుఫాను తీరం దాటిన మర్నాడే వేణి హైదరాబాదు నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని కాకినాడ వచ్చేసింది. తను చదువుకున్న పాలిటెక్నిక్ కాలేజీ ఇప్పుడు పునరావాస కేంద్రం. కింద తరగతి గదుల్లో తడిసిన దుప్పట్లు, చంటిపిల్లల ఏడుపులు, గంజి వాసన. పైన కంప్యూటర్ ల్యాబులో ఆరేడుగురు వాలంటీర్లు. సెల్ టవర్లు కూలిపోయి ఫోన్లు పలకడం లేదు. ఎక్కడో ఒక చోట నెట్ దొరికినవాళ్ళు తమవాళ్ళ పేర్లు వెతుక్కోవడానికీ, దొరికినవాళ్ళ వివరాలు రాయడానికీ ఒక పేజీ ఉంటే బాగుంటుందని ల్యాబు ఇన్‌చార్జి కృపారాణి మేడం అంటే, వేణి రెండు రోజుల్లో కట్టి ఇచ్చేసింది.

అందంగా కట్టింది. పేజీ తెరవగానే ముందు తీరం మ్యాపు వస్తుంది. దాన్ని ఏడు ముక్కలు చేసింది. ఏ ముక్క మీద మౌసు పెడితే ఆ ముక్క నెమ్మదిగా పైకి లేచి నీలంగా మెరుస్తుంది. నొక్కితే ఆ మండలాల పేర్లు తెరుచుకుంటాయి. మ్యాపు అక్కర్లేదనుకుంటే మూలన చిన్న ఇంటూ గుర్తు ఉంది, దాన్ని నొక్కి లోపలికి వెళ్ళిపోవచ్చు. అంధులకూ చేతులు సరిగా లేనివాళ్ళకూ పేజీ పనికొస్తుందా లేదా అని లెక్కగట్టే పరికరం ఒకటుంటుంది. దానితో పరీక్షిస్తే నూటికి నూరు వచ్చాయి. ఆ నూరు ఆకుపచ్చ వలయంలో ఉన్న బొమ్మను తీసి తన కంపెనీలో అందరికీ పంపింది కూడా.

ఆ సైటులో తిరుగుతున్నదెవరో ఆమెకు అర్థం కాలేదు.

పేజీలో ఏ నిమిషానికి ఏం నొక్కారో రాసిపెట్టే ఏర్పాటు ఒకటి వేణి ముందే చేసి పెట్టింది. ఎవరన్నది అది చెప్పదు. ఏం చేశారన్నది మాత్రం అప్పటికప్పుడూ చూపిస్తుంది, తర్వాత మళ్ళీ సినిమాలాగా నడిపీ చూపిస్తుంది. సైటు తెరిచిన మూడో రోజు సాయంత్రం ఆమె దాన్ని నడిపి చూసింది. మౌసు బాణం ఎక్కడా లేదు. మ్యాపు మీద ఒక ముక్క చుట్టూ సన్నటి గీత వెలిగింది. ఆరింది. పక్క ముక్క చుట్టూ వెలిగింది. మూడో ముక్క దగ్గర చాలాసేపు ఆగింది. పదకొండు సెకన్లు. తర్వాత గబగబా నాలుగు, అయిదు, ఆరు, ఏడు. మళ్ళీ మొదటికి. మళ్ళీ మూడో ముక్క దగ్గర పదకొండు సెకన్లు.

గంటా నలభై నిమిషాలు అదే.

"చీకట్లో గోడ తడుముకుంటూ నడుస్తున్నట్టుంది కదూ," అంది వెనక నుంచి కృపారాణి మేడం. ఆ మాట తనకే నచ్చనట్టు చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"మనిషి కాదు మేడం, ఏదో యంత్రం. ఇంటర్నెట్టులో ఇలాంటివి తిరుగుతూనే ఉంటాయి," అంది వేణి.

ఆ కనెక్షను ఎక్కడిదో చూస్తే సముద్రమే లేని వేరే రాష్ట్రంలో ఏదో ఊరు చూపించింది. అయితే యంత్రమే అనుకుంది. కానీ యంత్రం మూడో ముక్క దగ్గర ఎందుకు ఆగుతుంది? ఆ ప్రశ్న ఆమె ఎవరినీ అడగలేదు.

నాలుగో రోజుకల్లా సంగతి కింది గదులకు పాకింది. ల్యాబులో మాట్లాడుకునేది మెట్ల మీద కూర్చున్నవాళ్ళకు వినపడుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓలేటి బంగారమ్మ పైకి వచ్చింది. తీరం పక్క ఉప్పుగట్టు అనే పల్లె ఆమెది. కోడలూ ఇద్దరు మనవలూ కనబడడం లేదు. మనవడికి అయిదేళ్ళు, మనవరాలికి రెండు. కొడుకు పడవ వేసుకుని వెతకడానికి పోయాడు. ఆమె రోజుకు మూడుసార్లు పైకి వచ్చి తలుపు దగ్గర నేల మీద కూర్చుని, తన వాళ్ళ పేర్లు చదవమని అడిగి, విని వెళ్ళిపోతుంది.

ఆవేళ పేర్లు చదవమని అడగలేదు.

"లోపల ఎవరో తిరుగుతున్నారంట గదా అమ్మాయ్," అంది కంప్యూటర్ వైపు చూపిస్తూ.

"అదేం లేదు బామ్మా."

"రోజూ ఒకేళకి వత్తాదంట. పలకదంట." బంగారమ్మ గొంతు తగ్గించింది. "నా కోడలేమో సూడమ్మా. దానికి మాటలు తక్కువ. కొత్త సోటికి పోతే ఎవుర్నీ ఏదీ అడగదు. తిరుగుతానే ఉంటాది."

గోడ మీద గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. వేణి తెర మీద సన్నటి గీత మొదటి ముక్క చుట్టూ వెలిగింది.

బంగారమ్మ చూసింది. దగ్గరికి వచ్చి తెర మీద చెయ్యి పెట్టింది. ఉప్పునీళ్ళలో నానిన వేళ్ళు. గీత ఆ వేళ్ళ కింద నుంచే కదిలి రెండో ముక్క మీదికి పోయింది.

"అమ్మా లచ్చిమీ," అంది ఆమె తెరతో.

వేణి భయమేసిందని ఒప్పుకోవడం ఇష్టం లేక విసుక్కుంది. బంగారమ్మను మెల్లగా కిందికి పంపించి, తలుపు వేసి, ఆ కనెక్షనును సైటులోకి రానివ్వకుండా కోడులో ఒక వరుస రాసి ఎంటర్ కొట్టింది.

మూడో ముక్క చుట్టూ గీత ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు.

"పోయిందా?" అంది కృపారాణి మేడం.

"పోయింది."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వేణి మాత్రం సాయంత్రం దాకా ఆ తెర వంకే చూస్తూ కూర్చుంది. అందులో ఏమీ కదలకపోవడం ఇంకా భయంగా ఉంది.

మర్నాడు పొద్దున్న ఇస్మాయిల్ మాస్టారు వచ్చారు.

ఆ కాలేజీలో ముప్పై ఏళ్ళు కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వేణికి మొదటి వెబ్ పేజీ రాయడం నేర్పింది ఆయనే. ప్రశ్న అడిగితే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "మళ్ళీ చెయ్యి, చూస్తాను," అనేవారు. చేసేవాళ్ళకే తప్పు దొరికేది. ఆయన ఇంట్లోకి మోకాలెత్తు నీళ్ళు వచ్చాయట. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

వేణి లేచి నమస్కారం పెట్టింది. సైటు చూపించింది. మ్యాపు ముక్కలు ఎలా లేస్తాయో చూపించింది. ఆకుపచ్చ వలయంలో నూరు చూపించింది. ఆయన తలూపారు.

"ఒక్క చిక్కు ఉండేది మాస్టారూ. నిన్న తీసేశాను," అని నవ్వుతూ ఆ తిరుగుడు సంగతి చెప్పింది. బంగారమ్మ మాట కూడా చెప్పింది. చెబుతుంటే నవ్వు సన్నబడింది.

మాస్టారు అంతా విన్నారు.

"ఎక్కడికి పంపావు?" అన్నారు.

"ఎవరిని?"

"తీసేశానన్నావుగా. ఎక్కడికి పంపావు?"

"యంత్రం మాస్టారూ అది," అంది.

ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. మౌసు తీగ ఊడబీకి, మౌసును జేబులో వేసుకున్నారు. కీబోర్డు మీద చెయ్యి పోనిచ్చి, తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేరును తెరిచారు. స్పీకరు గొంతు పెంచారు. తర్వాత తెర వెనక మీట నొక్కారు. తెర నల్లబడింది.

"నా పేరు వెతుకు," అన్నారు.

"మీ పేరు అందులో ఎందుకుంటుంది మాస్టారూ?"

"లేదని తెలుసుకోవాలి గదా. వెతుకు."

కిటికీలోంచి బూడిదరంగు వెలుతురు. కింద ఎక్కడో పంపు చప్పుడు. నల్లటి తెరలో వేణికి తన ముఖం మసగ్గా కనబడుతోంది. చూపులేనివాళ్ళు పేజీలో ముందుకు జరగడానికి నొక్కేది ట్యాబ్ మీట అని ఆమెకు తెలుసు. నొక్కింది.

"బటన్," అంది స్పీకరులోంచి ఒక ఆడగొంతు. అందులో ప్రాణం లేదు.

ఎంటర్ కొట్టింది. ఏమీ జరగలేదు. మౌసు తగిలితే తప్ప ఆ ముక్కలు లేవవని అప్పుడు గుర్తుకొచ్చింది. ట్యాబ్ నొక్కింది.

"బటన్."

మళ్ళీ నొక్కింది.

"మ్యాప్ కొత్తది రెండు ఫైనల్ ఫైనల్ మూడు అండర్‌స్కోర్ వేణి డాట్ ఎస్ వి జి బటన్," అంది ఆ గొంతు, ఒక్కో మాటా నిదానంగా.

వేణి వింటూ ఆగింది. ఇంకేమైనా చెబుతుందేమోనని ఇంకాసేపు ఆగింది. చెప్పలేదు. మళ్ళీ నొక్కింది.

"బటన్." "బటన్." "బటన్." "బటన్."

ఒక్కో ముక్కకూ పేరు పెట్టమని, నూటికి నూరు ఇచ్చిన ఆ పరికరం మొదట గోల చేసింది. తొందరలో వేణి అన్నింటికీ 'బటన్' అని పెట్టేసింది. మూడోదానికి ఫైలు పేరే ఉండిపోయింది. పేరంటూ ఉంది కాబట్టి పరికరం ఒప్పుకుంది. నూరు ఇచ్చింది.

మళ్ళీ మొదటికి వచ్చింది. ఇంటూ గుర్తు ఎక్కడ? మౌసుకు తప్ప ఇంకెవరికీ దొరకనట్టు పెట్టింది దాన్ని. అది ఉందని ఈ గొంతుకు తెలియదు. మళ్ళీ చుట్టూ తిరిగింది. మూడో దానికి ఆ పొడుగాటి పేరు. ఈసారి కొత్తగా ఏమైనా అంటుందేమోనని ఆగింది. అనలేదు. గబగబా నాలుగు, అయిదు, ఆరు, ఏడు.

ఆరో చుట్టులో ఆమె వేలు ట్యాబ్ మీట మీద ఆగిపోయింది.

మూడో ముక్క దగ్గర తను ఎంతసేపు ఆగుతోందో లెక్కపెట్టుకుంది. పేరు చదవడానికి తొమ్మిది సెకన్లు. ఇంకేమైనా అంటుందేమోనని చెవి ఒగ్గడానికి రెండు.

పదకొండు.

తన చెయ్యి తనది కానట్టు అనిపించింది. నాలుగు రోజులుగా ఆ తెర మీద తిరిగిన మనిషి తన వేళ్ళలోకి వచ్చి కూర్చున్నట్టు, తన చెవులతో వింటున్నట్టు అనిపించింది. నల్లటి తెరలో ముఖం తనదేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చి చూసుకుంది.

"మాస్టారూ," అంది. "తెర ఆన్ చెయ్యండి."

ఆయన చెయ్యలేదు. లేచి, జేబులోంచి మౌసు తీసి బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. వేణే తెర వెనక మీట నొక్కుకుంది.

నిన్న రాసిన వరుసను ముందు తీసేసింది. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం రెండున్నర దాకా లేవలేదు. మ్యాపు ముక్కలన్నింటికీ మండలాల పేర్లు పెట్టింది. ఎంటర్ కొడితే తెరుచుకునేలా చేసింది. ఇంటూ గుర్తును అన్నిటికంటే ముందుకు తెచ్చింది. పేజీ తెరవగానే మొట్టమొదట వినపడే మాట: "మ్యాపు మూసి లోపలికి వెళ్ళండి." మార్చిన ప్రతిసారీ తెర ఆపేసి, కళ్ళు మూసుకుని, వింటూ నడిచి చూసుకుంది.

మూడూ ఇరవై అయింది. ఎవరూ రాలేదు.

మూడున్నర. పావుతక్కువ నాలుగు. కృపారాణి మేడం వచ్చి వెనక నిలబడింది. బంగారమ్మ ఎప్పటిలాగే వచ్చి తలుపు దగ్గర కూర్చుంది. వేణి ఒక మాట అనకపోయినా అందరికీ తెలిసిపోయింది ఆమె దేనికోసం చూస్తోందో.

"నిన్న తరిమేశావు గదా. ఇంకెందుకొస్తాది," అంది బంగారమ్మ. కోపంగా అనలేదు.

నాలుగూ పదికి మొదటి చోట గీత వెలిగింది.

అది మెరిసీ మెరవగానే ఆరిపోతుందనుకుంది వేణి. ఆరలేదు. కదలలేదు. పది సెకన్లు, ఇరవై, నలభై. ఎవరో తలుపు ఎదుట నిలబడి, తలుపు తీసే ఉందని నమ్మలేక నిలబడ్డట్టు.

ఎంటర్ కొట్టారు అవతల.

మ్యాపు మూసుకుంది. గీత లోపలి పేజీలో మొదటి గడి మీద వెలిగింది. 'దొరికినవారి వివరాలు రాయండి.'

"రాస్తున్నారు," అంది వేణి గుసగుసగా.

రాసింది పంపేదాకా అక్షరాలు ఇటు కనబడవు. గడి నుంచి గడికి గీత కదలడమే కనబడుతుంది. పేరు. ఊరు. వయసు. గుర్తులు అన్న గడిలో చాలాసేపు ఉంది. అయిదింటికి మాయమైపోతారని వేణికి తెలుసు. నాలుగూ నలభై. నాలుగూ నలభై ఎనిమిది. పంపే బటన్ మీదికి గీత వచ్చింది. నొక్కారు. పేజీ తీసుకోకుండా వెనక్కి కొట్టింది. మళ్ళీ ఒక గడి మీదికి పోయింది. ఆగింది. మళ్ళీ పంపే బటన్. మళ్ళీ వెనక్కి.

"ఆ గడిలో ఏమడిగావు?" అన్నారు మాస్టారు కిటికీ దగ్గర నుంచే.

వేణి చూసింది. ఒంటి మీద బట్టల రంగు. తప్పనిసరిగా నింపాలి. పేర్లు చెప్పలేని పసిపిల్లలను బట్టలతో గుర్తుపడతారని తనే పెట్టింది. అది కూడా రంగుల పట్టీలోంచి నొక్కి ఎంచుకోవాలి.

"రంగు మాస్టారూ," అంది. అంటుంటే ఆమెకు అర్థమయింది. అవతల ఉన్న మనిషికి రంగు ఎలా తెలుస్తుంది?

ఆ షరతు సర్వరులో ఉంది. ఇక్కడ తీసేస్తే అక్కడ వెంటనే పోతుంది. రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారి తీసింది. నాలుగూ యాభై ఆరు. గీత పంపే బటన్ మీదే ఉంది. కదలడం లేదు. విసిగి లేచిపోయారేమో. అవతల కుర్చీ ఖాళీగా ఉందేమో.

"ఇంకొక్కసారి నొక్కండి," అంది వేణి తెరతో. నిన్న బంగారమ్మ మాట్లాడినట్టే. "ఒక్కసారి."

నాలుగూ యాభై ఎనిమిదికి నొక్కారు.

అక్షరాలు తెర మీద పడ్డాయి. అందరికీ వినపడాలని కృపారాణి మేడం పైకి చదవమంది. వేణి చదివింది.

"నా పేరు జోగారావు. ఉప్పుగట్టు దగ్గర అంధుల హాస్టల్లో సంగీతం నేర్పుతాను. మేము పదకొండు మందిమి ఉన్నాం, అందరం చూపులేనివాళ్ళమే. వార్డెను గారు సాయం తెస్తానని మొదటిరోజే వెళ్ళారు, తిరిగి రాలేదు. చుట్టూ నీళ్ళున్నాయి. ఉపగ్రహం డిష్ మీద వచ్చే ఇంటర్నెట్టు పనిచేస్తోంది గానీ డీజిలు కొంచెమే ఉంది, జెనరేటరు రోజుకు రెండు గంటలే వేసుకుంటున్నాం. ఈరోజుతో అయిపోతుంది.

"మా దగ్గర ఒక పాప ఉంది. తుఫాను రోజు ఒకావిడ తలుపు కొట్టి పాపను నా చేతుల్లో పెట్టింది. 'ఇంకొకడున్నాడు, తెస్తా' అని వెళ్ళింది. ఆవిడ రాలేదు. తలుపుకు గడియ పెట్టకుండానే ఉంచాం.

"బట్టల రంగు అడిగారు. మాకు తెలియదు. పాపకు రెండేళ్ళుండొచ్చు. జుట్టు ఉంగరాలు. చెవులు కుట్టలేదు. ఎడమ అరికాల్లో చింతగింజంత కాలిన మచ్చ తగులుతోంది. ఒక కాలికే పట్టీ ఉంది, దానికి రెండు మువ్వలు ఊడిపోయాయి. నిద్రలో బొటనవేలు కాదు, చూపుడువేలు చప్పరిస్తుంది. ఎత్తుకున్నవాళ్ళ చెవి తమ్మె పట్టుకుంటే గానీ నిద్రపోదు."

వేణి చదవడం ఆపింది. తలుపు దగ్గర బంగారమ్మ తన చెవి తమ్మె పట్టుకుని ఉంది.

"కుంపటి," అంది బంగారమ్మ. "తప్పటడుగులేత్తా కుంపటి తొక్కేసింది. నేనే మందు రాసినాను." "ఇంకోడు?" అంది. "ఆడి మాట ఏం రాసినారమ్మా?"

వేణి అక్షరాలన్నీ మళ్ళీ మొదటి నుంచి చూసింది.

తెర మూలన అయిదయింది. గీత ఆరిపోయింది.

కృపారాణి మేడం అప్పటికే మెట్లు దిగుతోంది. ఆ హాస్టలును తుఫానుకు ముందురోజే ఖాళీ చేయించినట్టు కాగితాల్లో ఉందట, అందుకే పడవలు అటు పోలేదు. కనెక్షను ఉపగ్రహం మీదుగా వచ్చింది కాబట్టే వేరే రాష్ట్రం చూపించింది. చీకటి పడేలోపు రెండు పడవలు బయల్దేరాయి. తెల్లవారేసరికి పదకొండు మందీ పాపా కాలేజీకి చేరారు. పాప ఒంటి మీద ఉన్నది ఒక మగమనిషి బనీను. దాన్ని నడుం దగ్గర దారంతో కట్టారు. బంగారమ్మ ఎత్తుకోగానే పాప తల పక్కకు తిప్పి ఆమె చెవి కోసం వెతికింది. వార్డెను పేరూ, లక్ష్మి పేరూ, ఆమె కొడుకు పేరూ సైటులో తప్పిపోయినవాళ్ళ జాబితాలో అలాగే ఉన్నాయి.

పదిగంటల వేళ జోగారావును ల్యాబులోకి తీసుకొచ్చారు. యాభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి. ఎవరో ఇచ్చిన వదులు చొక్కా వేసుకున్నాడు. మాస్టారు లేచి తన కుర్చీ ఇచ్చి కిటికీ దగ్గరికి వెళ్ళారు.

"పేజీ కట్టిన అమ్మాయి ఇక్కడే ఉందన్నారు," అన్నాడు జోగారావు. "ఒక నమస్కారం పెట్టిపోదామని వచ్చాను తల్లీ. ఆ పేజీ లేకపోతే మా సంగతి ఎవరికీ తెలిసేది కాదు."

వేణి ఎదురుగా నిలబడి ఉంది.

"ఒక్కటే సందేహం." ఆయన మొహమాటంగా చేతులు నలుపుకున్నాడు. "మొన్న నేను లోపల తిరుగుతుంటే మధ్యలో పేజీ పోయింది. ఎంత ప్రయత్నించినా మళ్ళీ తెరుచుకోలేదు. నేను నొక్కకూడనిదేదో నొక్కేశానని మావాళ్ళు అందరూ నన్ను కేకలేశారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నిన్న జెనరేటరు వెయ్యడానికి కూడా ఎవరూ ఒప్పుకోలేదు. పాప ఏడుపు ఆపకపోతే బతిమాలి వేయించాను. నావల్ల ఇంకెవరిదైనా పేజీ కూడా ఆగిపోయిందేమోనని భయం. నేనేం తప్పు చేశాను తల్లీ? తెలిస్తే మళ్ళీ చెయ్యకుండా ఉంటాను."

వేణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీదేం తప్పు లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

జోగారావు జవాబు కోసం ఆగాడు. ఆయన ముఖం ఆమె వైపు లేదు. కొంచెం పక్కకు, ఫ్యాను చప్పుడు వస్తున్న వైపు ఉంది.

వేణి మళ్ళీ తల ఊపింది.

కిటికీ దగ్గర నుంచి మాస్టారు మెల్లగా అన్నారు.

"వినపడేలా, వేణీ."